‘ఎవరన్నా?’ క్యాసెట్టూ, మా బావగారి సర్పంచి పదవీ

ఒక మంచి మనిషిని ఎన్నికల్లో ఓడించాలంటే ప్రత్యర్థి చాలా కష్టపడాలి. పుకార్లు పుట్టించాలి, పాత గొడవలు తవ్వాలి, ఇంటింటికీ తిరిగి చెవులు కొరకాలి. మా బావగారి విషయంలో ప్రత్యర్థికి ఆ శ్రమ ఏమీ లేకపోయింది. ఆయన ఇంట్లో కాళ్ళు చాపుకుని కాఫీ తాగుతూ కూర్చున్నాడు. పనంతా నేను చేసి పెట్టాను. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనాల వేళకి పూర్తి చేశాను.

నందిగామలో ఇప్పటికీ ఒక మాట తిరుగుతూ ఉంటుంది. ఆ ఏడు పంచాయతీ ఎన్నికల్లో జగ్గయ్యపేట ఆర్కెస్ట్రా వాళ్ళు అవతలి వర్గానికి అమ్ముడుపోయారని. తల నెరిసి, మోకాళ్ళు నొప్పి పుట్టే ఈ వయసులో నిజం చెప్పేస్తాను. మమ్మల్ని ఎవరూ కొనలేదు. కొందామని వాళ్ళకి ఆలోచన వచ్చేలోపే నేను ఉచితంగా చేసేశాను. అసలు జరిగింది తెలిస్తే మీరు కూడా ఆ రోజు నాలాగే నోరు తెరుచుకుని నిలబడిపోతారు. తెరిచిన నోరే ఈ కథలో దోషి, అది వేరే సంగతి.

తొంభైల మధ్యలో మాట ఇది. జగ్గయ్యపేటలో మాకొక ఆర్కెస్ట్రా ఉండేది. పేరు వేదాద్రి మ్యూజికల్ పార్టీ. పెళ్ళిళ్ళకీ, వినాయక చవితి పందిళ్ళకీ, సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్లలో వార్షికోత్సవాలకీ వెళ్ళి సినిమా పాటలు పాడేవాళ్ళం. నేను గాయకుణ్ణి. జాన్‌బాబు బేస్ గిటారు. ఆదివారం పొద్దున చర్చిలో వాయించి, అదే గిటారు సంచిలో వేసుకుని మధ్యాహ్నానికి పెళ్ళి పందిట్లో ఉండేవాడు. సైదులు డ్రమ్ములు. వాడు కూర్చున్నచోట బల్ల ఉన్నా, కంచం ఉన్నా, పక్కవాడి వీపు ఉన్నా వాయించేవాడు. కీబోర్డుకి ఎవరు దొరికితే వాళ్ళు.

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి. ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు. మా వైపు ఆర్కెస్ట్రా జరుగుతుంటే, పాట నచ్చిన పెద్దమనిషి స్టేజి దగ్గరకొచ్చి ఒక నోటు చేతిలో పెట్టి పేరు చెప్పి వెళ్ళేవాడు. పల్లవి అయిపోయి చరణం మొదలయ్యేలోపు ఉత్త వాయిద్యాలు మోగే ఖాళీ ఒకటి ఉంటుంది కదా, ఆ ఖాళీలో ఆయన పేరు మైకులో చెప్పాలి. ‘శ్రీ ఫలానా గారు, ఫలానా వ్యాపారం, ఫలానా ఊరు! వారికి మా హృదయపూర్వక ధన్యవాదాలు!’ అని గొంతు సాగదీసి చెప్పాలి. ఆ పేరు విన్నాయన జనంలోంచి లేచి, నలువైపులా చేతులు జోడించి నమస్కారం పెట్టి కూర్చుంటాడు. మొత్తం కార్యక్రమం పెట్టించినాయన ఉంటే ఆయన పేరు ప్రతి పాటలోనూ రావాలి. రాకపోతే ఆయన బంధువులు స్టేజి వెనక్కి వచ్చి మాట్లాడతారు. ఆ మాటలు పాటల కన్నా గట్టిగా వినిపిస్తాయి.

నా పాట సంగతి పక్కన పెట్టండి, ఓ మోస్తరు గొంతు. పేర్లు చెప్పడంలో మాత్రం చుట్టుపక్కల మండలాల్లో నన్ను కొట్టినవాడు లేడు. అన్నేళ్ళు ఆ పని చేసీ చేసీ, పాటలో ఖాళీ వచ్చిందంటే నా నోరు నన్ను అడక్కుండా తెరుచుకునేది. ఒకసారి విజయవాడ బస్సులో పక్కసీట్లో ముసలాయన కూనిరాగం తీస్తూ ఊపిరికోసం ఆగితే, ఆయన పేరేమిటని అడిగి మరీ బస్సులో అందరికీ చెప్పాను. నా జబ్బు అంత ముదిరింది.

ఇక బావగారు. మా అక్క భర్త సాంబశివరావు గారు, నందిగామలో ఎరువుల వ్యాపారి. యూరియా బస్తా అప్పుగా అడిగిన రైతుని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చే రకం. వాళ్ళ వీధిలో కుళాయి తిప్పితే గాలి వచ్చేది. ఆడవాళ్ళు బిందెలు వరుసగా పెట్టుకుని కొట్టుకునేవాళ్ళు. అది చూడలేక ఆయన సర్పంచి పదవికి నిలబడ్డారు. ఆయనకి రాజకీయం రాదు. జీవితంలో ఆయన ఎవర్నీ ఏదీ గట్టిగా అడిగిన మనిషి కాదు, ఆ ఒక్కసారే ఊరిని ఓటు అడుగుతున్నారు. గెలవాలని ఆయనకన్నా మా అక్కకి ఎక్కువ.

“ఒరేయ్ మురళీ, మీ బావ నోరు లేని మనిషి. ఆయన తరఫున నీ నోరే అరువివ్వాలి రా” అంది అక్క.

ఆ మాట అన్నందుకు తర్వాత ఆమె ఎన్నిసార్లు నుదురు కొట్టుకుందో.

సరిగ్గా ఆ రోజుల్లోనే జాన్‌బాబుకి ఒక క్యాసెట్టు దొరికింది. వాళ్ళ పిన్ని కొడుకు విశాఖపట్నం ఓడరేవులో పనిచేసేవాడు. ఏదో ఓడ మీద నుంచి తెచ్చి ఇచ్చాడట. పైన కాగితం చిరిగిపోయింది, పాడిందెవరో తెలియదు. అమెరికా నల్లవాళ్ళ బృందం అన్నది మాత్రం తెలుసు. ‘ఫంక్’ అంటారట ఆ బాణీని. జాన్‌బాబు వారం రోజులు అన్నం మానేసినంత పని చేసి, బొటనవేలితో గిటారు తీగని కొట్టి కొట్టి ఆ దరువు పట్టుకున్నాడు.

“అన్నా, వీళ్ళు గవర్నమెంటుని తిడుతున్నారన్నా” అన్నాడు కళ్ళు పెద్దవి చేసి.

“తిడుతుంటే ఇంత ఉషారుగా ఉందేంట్రా?”

“అదే గదన్నా గొప్ప! కోపం మాటల్లో ఉంది, ఆనందం నడుంలో ఉంది.”

ఆ దరువు వింటూ సైదులు అప్పటికే స్టూలు మీద నుంచి సగం లేచి ఊగుతున్నాడు. నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నా జీవితంలో వచ్చిన మెరుపులన్నీ పిడుగులుగానే మిగిలాయి కాని, ఆ వయసులో తేడా ఎవరికి తెలుస్తుంది? ఈ బాణీలో మనమే సొంతంగా పాటలు కట్టి, నందిగామ కష్టాల మీద ఒక క్యాసెట్టు చేస్తే? ఎన్నికల పాటలంటే అప్పటిదాకా సినిమా బాణీలకి మాటలు మార్చి పాడటమే. సొంత బాణీలతో, స్టూడియోలో రికార్డు చేసి, మొత్తం రాజకీయం మీదే ఆల్బం చేసినవాడు మా తాలూకాలో లేడు. ఆంధ్రదేశంలోనే లేడని మేము అనుకున్నాం.

బావగారికి చెప్పాను. ఆయన కొట్లో తూకం రాయి చేత్తో పట్టుకుని అలాగే విన్నారు.

“ఫంకంటే ఏంటి మురళీ?”

“పాట ఆగినా నడుం ఆగదు, బావా. అదండి ఫంకు.”

“మన ఊళ్ళో నడుములు ఆడతయ్యంటావా?”

“బిందెలు మోసే నడుములు, బావా. ఆడక చస్తాయా?”

ఖర్చు ఆయనే పెట్టుకున్నారు. పాటలు నేనూ జాన్‌బాబూ కలిసి రాశాం. బావగారికి పోటీగా మళ్ళీ నిలబడ్డ పాత సర్పంచి మీద ఎక్కుపెట్టినవే అన్నీ. కాని నేను చాలా తెలివిగా ఒక షరతు పెట్టాను.

“పాటల్లో ఎవరి పేరూ ఉండకూడదు. పేరు పెడితే కేసు వేస్తారు. మనం ప్రశ్న అడుగుదాం, జవాబు జనమే చెప్పుకుంటారు.”

“అబ్బ, ఏం బుర్రన్నా!” అన్నాడు సైదులు.

అలా ప్రతి పాటా ఒక ప్రశ్నతో ఆగుతుంది. ఆల్బం పేరే ‘ఎవరన్నా?’. మొదటి పాట ఇలా ఉండేది:

కుళాయి విప్పితే గాలి
బిందె నిండా ఖాళీ
ఊరి నీళ్ళు తాగినోడు
ఎవరన్నా? ఎవరన్నా?

ఈ ‘ఎవరన్నా’ తర్వాత పాట ఆగిపోతుంది. జాన్‌బాబు బేస్ గిటారూ, సైదులు డ్రమ్ములూ మాత్రమే దడదడలాడతాయి. ఫంకు అందమంతా ఆ ఖాళీలోనే ఉందని జాన్‌బాబు వాదన. మామూలు సినిమా పాటలో ఉండే ఖాళీ కాదది, ఎండాకాలంలో మా మునేరు ఏట్లో ఉన్నంత ఖాళీ. చదువుతున్న మీకు ఈపాటికి వెన్నులో చలి పుట్టే ఉంటుంది. మాకు పుట్టలేదు.

విజయవాడలో ఒక మేడ మీద స్టూడియో మాట్లాడుకున్నాం. వెళ్ళే రోజు పొద్దున నందిగామలో జీపు ఆపి అక్క మా అందరికీ ఇడ్లీలు పెట్టింది. బావగారు కొత్త పంచె కట్టుకుని ఎదురొచ్చారు. కీసర దగ్గర వంతెన దాటుతున్నప్పుడు సైదులు జీపు తలుపు మీద దరువు మొదలుపెట్టాడు. ‘ఇవాళ మన పార్టీ సాంబశివరావు గారు’ అనుకున్నాను నేను. ఆర్కెస్ట్రా భాషలో ‘పార్టీ’ అంటే ఆ రోజు కార్యక్రమం పెట్టించినాయన. నా నోరు ఆ మాట విని, ఎక్కడో దాచుకుంది.

ఆ స్టూడియోలో అందరూ ఒక్కసారే వాయించాలి, ఒక్కసారే పాడాలి. చెవులకి పెద్ద డిప్పలు తగిలించి నన్ను అద్దాల గదిలో నిలబెట్టారు. కళ్ళు మూసుకుని పాడాను. జీవితంలో అంత బాగా ఎప్పుడూ పాడలేదు. ఒక్కో పాటా ఒకే దెబ్బకి అయిపోయింది. తర్వాత అన్నీ వేసి వినిపించారు. మేమందరం కూర్చుని మొదటి నుంచి చివరిదాకా విన్నాం. మళ్ళీ చెబుతున్నాను, మొత్తం విన్నాం. చప్పట్లు కొట్టుకున్నాం. జాన్‌బాబు కళ్ళు తుడుచుకున్నాడు.

రికార్డింగు చేసినాయన విజయవాడ మనిషి. మమ్మల్ని ముందు ఎప్పుడూ చూడలేదు. ఆయన మాత్రం నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

“ఎన్నికల పాటలు చాలా చేసానండి. ఇంత గుండె ధైర్యం ఎక్కడా చూళ్ళేదు.”

“కళాకారుడికి భయం ఉండకూడదండీ” అన్నాను.

“ఆ పెద్దమనిషి ఊరుకుంటాడంటారా?”

“ఊరుకోకపోతే ఏం చేస్తాడు? నిజమే కదా చెప్పాం!”

ఆయన నా వైపు చూసిన చూపులో గౌరవం ఉందనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది భయం.

క్యాసెట్లు కాపీలు వచ్చాయి. విడుదల నందిగామ గాంధీ సెంటర్లో, పొద్దున మంచి ముహూర్తానికి. చిన్న బల్ల వేసి, రెండు పెద్ద స్పీకర్లు కట్టి, బావగారిని తెల్ల చొక్కాలో, బంతిపూల దండలో కూర్చోబెట్టాం. పక్కన అక్క పట్టుచీరలో. ప్రచారం చేసే ఆటోలకి తలా ఒక క్యాసెట్టు ఇచ్చి, సెంటర్లో పాట మొదలవగానే వీధుల్లోకి వెళ్ళిపొమ్మని నేనే పురమాయించాను. ఒకేసారి ఊరంతా మోగాలని నా పథకం. కూరగాయల వాళ్ళు, బస్సు దిగిన వాళ్ళు, టీ కొట్టు వాళ్ళు, ఎంత జనమో!

పాట మొదలైంది. జాన్‌బాబు బేస్ గిటారు స్పీకర్లలోంచి దూకింది. నేను చూస్తుండగానే రిక్షా మీద కూర్చున్నాయన భుజం కదిలింది. అరటిపళ్ళావిడ తల ఆడించింది. ఆటోలు నాలుగు దిక్కులకీ బయల్దేరాయి. నా గొంతు సెంటరంతా మోగింది: ‘ఊరి నీళ్ళు తాగినోడు ఎవరన్నా? ఎవరన్నా?’

తర్వాత ఖాళీ. దడదడ, దడదడ.

ఆ ఖాళీలోంచి, గంభీరంగా, గొంతు సాగదీసి, నా గొంతే:

‘శ్రీ సాంబశివరావు గారు! ఎరువుల వ్యాపారి! నందిగామ! వారికి మా హృదయపూర్వక ధన్యవాదాలు!’

బాగా వినండి. అక్కడితో అయిపోతే ఏదో ఒకటి చెప్పి సర్దుకునేవాళ్ళం. తన పేరు మైకులో వినిపించేసరికి మా బావగారు, ఎన్నో పెళ్ళిళ్ళలో నోటు చదివించి పేరు విన్న అలవాటున, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. చిరునవ్వు నవ్వారు. చేతులు జోడించి, ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు, చివరికి బస్టాండు వైపు కూడా వినయంగా నమస్కారం పెట్టి కూర్చున్నారు.

ఊరి నీళ్ళు తాగిందెవరని అడిగితే, నేనేనండి అని లేచి నమస్కారం పెట్టిన నాయకుడు భారతదేశంలో ఆయన ఒక్కరే అయి ఉంటారు.

సెంటర్లో నవ్వు మొదలైంది. టీ కొట్టు దగ్గర మొదలై, కూరగాయల బండ్ల మీదుగా మమ్మల్ని చేరి, మా మీద నుంచి వెళ్ళిపోయింది.

నాకేం అర్థమైందనుకుంటున్నారు? ఏమీ కాలేదు! జాన్‌బాబు చెవిలో అన్నాను: “చూసావా, ఎక్కింది!”

“ఎక్కిందన్నా! ఎలా నవ్వుతున్నారో చూడు!”

మా చెవులకి ఆ పేరు చెప్పడం అనేది ఫ్యాను శబ్దం లాంటిది. అన్నేళ్ళుగా ప్రతి పాటలోనూ విన్నాం కనక మాకది వినబడదు. స్టూడియోలోనూ అందుకే వినబడలేదు. రెండో పాట వచ్చింది.

గుంటలోన రోడ్డుందా
రోడ్డు మీద గుంటుందా
కంకరంతా మింగిన ఆ
కడుపెవరిది? ఎవరన్నా?

దడదడ, దడదడ. ‘శ్రీ సాంబశివరావు గారు! ఎరువుల వ్యాపారి! నందిగామ!’

బావగారు మళ్ళీ సగం లేచారు. ఈసారి అక్క ఆయన పంచె పట్టుకుని కిందికి లాగింది. అక్క మొహం చూశాక నాకు వినబడింది. నా గొంతు నాకు మొదటిసారి బయటివాడి గొంతులా వినబడింది. ఆ క్యాసెట్టులో ఎన్ని పాటలున్నాయో, ఒక్కో పాటలో ఎన్ని ‘ఎవరన్నా’లు ఉన్నాయో, ఒక్కో ‘ఎవరన్నా’ తర్వాత ఎంత ఖాళీ ఉందో అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఎవరి పేరూ ఉండకూడదని నేనే షరతు పెట్టిన ఆల్బంలో, ఉన్న ఒకే ఒక్క పేరు మా బావగారిది!

“జాన్‌బాబూ! ఆటోలు!”

“వెళ్ళిపోయాయి గదన్నా. నువ్వే గదా పంపించావు.”

ఎవరిదో మోపెడు లాక్కుని ఇద్దరం బయల్దేరాం. ఏ వీధిలోకి వెళ్ళినా మాకన్నా ముందు పాట అక్కడుంది. రైతుపేట వైపు మొదటి ఆటో దొరికింది. చుట్టూ పిల్లలు, ఆడవాళ్ళు, బిందెలు. నా గొంతు ‘ఎవరన్నా?’ అనగానే, క్యాసెట్టులో పేరు వచ్చేలోపే పిల్లలంతా కలిసి “సాంబశివరావు గారూ!” అని అరుస్తున్నారు. అప్పటికే నేర్చేసుకున్నారు.

“ఆపవయ్యా బాబూ! ఆపు!” అన్నాను డ్రైవరుతో.

“ఎందుకన్నా? నా సర్వీసులో ఇంత గిరాకీ ఉన్న పాట లేదు. మళ్ళీ మళ్ళీ వేయమంటున్నారు!”

“అది మా బావని తిడుతోందయ్యా!”

“తెలుసన్నా. మీ బావే వేయిస్తున్నాడు గదా, మనకెందుకులే అనుకున్నా.”

బిందె చంకన పెట్టుకున్న ఒక పెద్దావిడ నా దగ్గరకొచ్చింది.

“ఏం నాయనా, ఈ పాడింది నువ్వేనా?”

“నేనే పెద్దమ్మా. కాని అదంతా పొరపాటు. అలవాటులో వచ్చేసింది.”

“సాంబయ్య మంచోడనుకున్నామే! సొంత బామ్మర్దివి, నువ్వు చెప్తే అబద్ధమవుతుందా?”

ప్రత్యర్థి చెబితే నమ్మరు. సొంత బావమరిది, సొంత గొంతుతో, ఆ బావగారి ఖర్చు మీదే చెబితే ఎవరు కాదంటారు?

మధ్యాహ్నానికి అవతలి వర్గం వాళ్ళు మా క్యాసెట్టు సంపాదించి కాపీలు తీయించారు. వాళ్ళ ఆటోల్లో అప్పటిదాకా మోగుతున్న పాటలన్నీ ఆపేసి మాది పెట్టుకున్నారు. ఆ సాయంత్రం నందిగామలో రెండు వర్గాల ఆటోలూ ఒకే పాట వేసుకుంటూ ఎదురెదురుగా వెళ్ళాయి.

బావగారి ఇంటి వరండాలో పంచాయితీ జరిగింది. ఆయన దండ తీసి పక్కన పెట్టి, అరిచేతులు చూసుకుంటూ కూర్చున్నారు. ఆయన తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

“మురళీ, నేను నీకేమన్నా తక్కువ చేసానా?” అన్నారు మెల్లగా.

“బావా, మీ మీద ప్రేమతోనే... మీరే పార్టీ కదా అని...”

“నేను పార్టీ అంటే, నా మీదే పాడతావా?”

అక్క వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. “ఏడిపించింది చాలు. పాడిన నోటితోనే దిద్దు. మైకు పట్టుకుని ఊరంతా తిరిగి తప్పు నాదేనని చెప్పు.”

చక్కటి ఆలోచన. మర్నాడు పొద్దున్నే ఆటోలో మైకు పట్టుకుని కూర్చున్నాను. పక్కన జాన్‌బాబు. వెనక సైదులు, చేతులు ఖాళీగా ఉండలేక ఒక రేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని. చెప్పాల్సిన మాటలు దారిపొడుగునా వల్లెవేసుకున్నాను. గాంధీ సెంటరుకి వచ్చాం. నన్ను చూసి జనం చేరారు. నిన్నటికన్నా ఎక్కువమంది. గొంతు సవరించుకున్నాను.

“ఓటరు మహాశయులారా! మా క్యాసెట్టులో ఘోరమైన తప్పు జరిగింది. మా బావగారు మచ్చలేని మనిషి. ఈ తప్పుకి, ఈ అపచారానికి, ఈ మొత్తం నేరానికి పూర్తి బాధ్యుడు ఎవరంటే...”

ఇక్కడ నాకు కన్నీళ్ళు వచ్చి ఊపిరికోసం ఆగాను. అంతే. ఆగాను.

నా గొంతు ఆగింది కదా అని వెనక సైదులు చేతులు వాటంతటవే రేకు డబ్బా మీద దడదడలాడాయి. వాడికి తెలియదు, వాడి చేతులకి తెలుసు. ఆ చప్పుడు నా చెవిలో పడింది. నేను నోరు మూసుకోవాలనే అనుకున్నాను. దేవుడి సాక్షిగా అనుకున్నాను.

“శ్రీ సాంబశివరావు గారు! ఎరువుల వ్యాపారి! నందిగామ! వారికి మా హృదయపూర్వక ధన్యవాదాలు!”

ఈసారి జనం నవ్వలేదు. చప్పట్లు కొట్టారు. టీ కొట్టాయన మా ఆటో డ్రైవరుకి టీ పంపించాడు. జాన్‌బాబు మైకు తీగ పీకేసి, నా మొహం వైపు చూడకుండా, “అన్నా, ఇంటికి పోదాం” అన్నాడు. ఆ తర్వాత ఎన్నికలయ్యేదాకా నేను నందిగామ పొలిమేరల్లోకి రాకూడదని అక్క ఆంక్ష పెట్టింది.

బావగారు ఓడిపోయారు. మామూలుగా ఓడిపోయుంటే బాధ లేదు, తన పేరు ఊరందరికీ కంఠతా వచ్చాక ఓడిపోయారు. పాత సర్పంచే మళ్ళీ గెలిచాడు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. నా షాపుకి వెళ్ళి కూర్చున్నాను. అవును, అప్పటికి ఆర్కెస్ట్రా మానేసి, జగ్గయ్యపేటలో గొట్టాలూ, కుళాయిలూ అమ్మే చిన్న కొట్టు పెట్టాను. ఒక రోజు కొట్టు ముందు జీపు ఆగింది. దిగింది ఎవరు? గెలిచిన సర్పంచి. చేతిలో శాలువా, పళ్ళు. ఊళ్ళో జనమంతా చూస్తున్నారు. ‘అమ్ముడుపోయారు’ అనే మాట ఆ క్షణంలోనే పుట్టింది. నేను వద్దనేలోపే శాలువా నా మెడలో పడింది.

ఆయన లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, చాలా నీరసంగా కూర్చున్నాడు. గెలిచిన కళ మొహంలో లేదు.

“బాబూ, నువ్వు ఇంకో క్యాసెట్టు చేస్తున్నావా?” అన్నాడు.

“లేదండీ! ఒట్టండీ!”

“నిజం చెప్పు. సొంత బావనే అంతలా వేసుకున్నావు. పరాయివాణ్ణి, నన్ను వదుల్తావా? మా మనవలు ఇంట్లో అదే పాట. ‘ఎవరన్నా’ అని నా వంక చూస్తున్నారు. నిద్ర పట్టడం లేదయ్యా.”

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. చూడండి, జీవితంలో ఆ ఒక్కసారే రాలేదు.

ఆయన నా మౌనాన్ని బేరం అనుకున్నాడు. “ఏం చెయ్యమంటావో చెప్పు. ఏదైనా సరే. నా పేరు మాత్రం పాటలోకి రాకూడదు.”

నాకేం అడగాలో తెలియలేదు. ఎదురుగా నా కొట్లో వేలాడుతున్న కుళాయిలు కనబడ్డాయి. “నీళ్ళండీ. మా బావగారి వీధిలో నీళ్ళు రావడం లేదు” అన్నాను.

నమ్ముతారో లేదో, ఎండలు ముదిరేలోపు మోటారు బాగుపడింది, కొత్త గొట్టాలు పడ్డాయి, ఆ వీధిలో కుళాయిలో నీళ్ళు వచ్చాయి. గొట్టాలు నా కొట్లో కొనలేదని మాత్రం ఇక్కడే స్పష్టం చేస్తున్నాను. ఉన్న అపవాదు చాలు.

నీళ్ళు వచ్చిన రోజు బావగారు కబురు పంపితే భయపడుతూ వెళ్ళాను. ఆయన కుళాయి కింద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. తర్వాత అడిగారు.

“మురళీ, నేనే గెలిచుంటే ఇంత తొందరగా వచ్చేయా ఈ నీళ్ళు?”

“లేదు బావా.”

“ఏం? నేను అంత చేతకానివాణ్ణా?”

“కాదు బావా. పాటలో పేరు వస్తుందేమోనన్న భయం ఆయనకుంది. మీకది ఎక్కడిది? మీ పేరు ముందే వచ్చేసింది కదా!”

బావగారు తడిచేతిని పంచెకి తుడుచుకుంటూ నా వైపు చూశారు. నవ్వారు. ఆ నవ్వు మాత్రం నేను ఎన్నటికీ మరచిపోలేను. అందులో కోపం లేదు. ఉండి ఉంటే లెక్క సరిపోయేది, ఈ రాత రాసే అవసరం ఉండేది కాదు. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఏ ఎన్నికల్లోనూ నిలబడలేదు. రెండువేల సంవత్సరం దాటాక కూడా, కొట్టుకి యూరియా కోసం వచ్చిన కుర్రాళ్ళు బస్తా భుజానికెత్తుకుంటూ ‘ఎవరన్నా’ అని కూనిరాగం తీస్తే, ఆయన ఏమీ అనేవారు కాదు. తక్కెడ సరిచేసుకునేవారు.

అందుకని నందిగామ వాసులందరికీ చెబుతున్నాను. సాంబశివరావు గారు ఏ నీళ్ళూ తాగలేదు, ఏ కంకరా మింగలేదు. ఆయన్ని ఓడించింది అవతలి వర్గం కాదు, బావమరిది నోరు. మమ్మల్ని కొన్నవాళ్ళు లేరు. జాన్‌బాబుకీ, సైదులుకీ ఇందులో పాపం లేదు. ఆ శాలువా నేను అడగలేదు. ఆ రోజు తర్వాత దాన్ని కప్పుకోలేదు కూడా. అక్క దాన్ని గ్యాసు పొయ్యి తుడవడానికి తీసుకెళ్ళింది.

ఇక నా ప్రతిజ్ఞ. ఇకముందు నేను మైకు ముట్టను. పెళ్ళి భోజనాల్లో పప్పు కావాలన్నా సైగ చేసి అడుగుతాను. ఎక్కడైనా పాట మోగుతూ మధ్యలో వాయిద్యాలు మొదలైతే, వెంటనే అక్కణ్ణించి లేచి బయటికి వెళ్ళిపోతాను. గాయకులెవరైనా ఊపిరి తీసుకోవడానికి ఆగితే చెవులు మూసుకుంటాను. ఈ ప్రతిజ్ఞని సకల దేవతల ఎదుట, నందిగామ, జగ్గయ్యపేట ప్రజల ఎదుట, పూర్తి స్పృహతో చేస్తున్నాను.

రాతలోనే చేస్తున్నాను. నోటితో చేద్దామని నిన్న ఇంట్లో ఒకసారి ప్రయత్నించాను కాని, సరిగ్గా చివరికొచ్చేసరికి వంటింట్లో కుక్కరు కూత వేస్తే, ఆగాను. ఆ ఖాళీలో ఏం జరిగిందో మా ఆవిడ ఇంకా అక్కకి చెప్పలేదు.